ముందు చివరి పేజీ తిప్పండి

చిత్తూరు–తిరుపతి రూట్లో ముప్పై నాలుగేళ్ళు కండక్టర్‌గా చేశాను. 1984లో నేను డ్యూటీలో చేరేనాటికి వారపత్రికల్లో చేతబడి సీరియళ్ళు మంచి జోరు మీదున్నాయి. వాటిని ఏరి దాచడం, అమ్మడం నాకు అప్పుడే అలవాటైంది. జనం పాకాల దాటేలోపు చదివేసి, వారపత్రికని సీట్లోనే వదిలేసి దిగిపోయేవాళ్ళు. ఆఖరి ట్రిప్పు అయ్యాక సీట్ల కింద ఏరుకున్నవే నా మొదటి సరుకు. విమర్శకులు వీటికి క్షుద్ర సాహిత్యం అని పేరు పెట్టారు. మా ఆవిడ అయితే ఈనాటికీ అవి దాచిన బీరువాని పూజగది గోడకి ఆనించనివ్వదు.

ఇవి సేకరించడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నవలగా వచ్చిన పుస్తకం కోసం తిరుగుతారు. మీరు సీరియల్ బైండింగ్ కోసం తిరగండి. యండమూరి చేతబడి నవల తులసిదళం పుస్తకంగా ఎన్నోసార్లు అచ్చయింది, ఎప్పుడైనా దొరుకుతుంది. అదే ఆంధ్రభూమి వారపత్రికలో వారం వారం వచ్చినప్పుడు ఎవరో ఇల్లాలు కత్తిరించి, కుట్టి దాచుకున్న కట్ట ఉంది చూడండి, ఆ బొమ్మలతో, వెనకాల ఆ ప్రకటనలతో, అది మళ్ళీ అచ్చు కాదు.

ఇలాంటివి పాత పేపర్ల అంగళ్ళలో కిలో లెక్కన వస్తాయి. సంక్రాంతికి ముందు రెండు వారాలూ నేను ఊళ్ళో ఉండను, పుత్తూరు, పాకాల, పూతలపట్టు తిరుగుతుంటా. ఇల్లు దులిపేవాళ్ళు అటకమీదవన్నీ దించి, అయితే అంగడికి వేస్తారు, లేకపోతే భోగి మంటలో వేస్తారు. ఒకప్పుడు సప్తగిరి రైలెక్కి మద్రాసు మూర్ మార్కెట్టుకీ పోయేవాళ్ళం. 1985లో అది కాలిపోయింది.

కట్ట చేతికి రాగానే ముందు చివరి పేజీ తిప్పండి. అద్దె లైబ్రరీ పుస్తకాల్లో మొదట పోయేది అదే. తర్వాత భాగాల నంబర్లు వరసగా ఉన్నాయేమో లెక్కపెట్టండి. పక్క మార్జిన్ చూడండి. బైండింగ్ అతను కటింగ్ మిషన్లో పెట్టి ఉంటే లైను చివర అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి, దానికి ఎక్కువ పెట్టొద్దు. నవల అయితే మొదట్లో వచ్చే ముద్రణ వివరాల పేజీలో ‘ప్రథమ ముద్రణ’ అనీ, సంవత్సరమూ ఉందా చూడండి. ఆ పేజీ చిరిగిపోయిన పుస్తకాన్ని మొదటి ముద్రణ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. కాగితం మూల కొంచెం మడిచినప్పుడు టప్పున విరిగితే, అది ఇక చదివే పుస్తకం కాదు, దాచుకునే పుస్తకం. చవక కాగితంలో గుజ్జుతో పాటు కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉండిపోతుంది. అదే పాడై ఆమ్లం పుట్టించి, ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని పచ్చగా చేసి లోపల్నుంచి తినేస్తుంది.

దాచడం దగ్గరే నేను బాగా దెబ్బతిన్నాను. 2021 నవంబరు వానలకి మా వీధిలో నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. బీరువా కింది అర మొత్తం నానిపోయింది. టెన్షన్‌లో తీసుకెళ్ళి మిద్దె మీద ఎండలో పరిచాను. అదే తప్పు. సాయంత్రానికి నున్నటి అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. నీడలో, ఫ్యాన్ కింద, నాలుగైదు పేజీలకొకటి తెల్లకాగితం పెట్టి, తడి పీల్చిన కాగితాన్ని మారుస్తూ ఉండాలి. ఒకేసారి అన్నీ ఆరబెట్టలేకపోతే మిగతావి పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి, బూజు ఆగుతుంది. పురుగు పట్టిన పుస్తకానికీ ఇదే వైద్యం. గాలి దూరకుండా మూసి రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవరు విప్పకూడదు. ఐస్‌క్రీం పక్కన చేతబడి నవల చూసి మా మనవరాలు రెండు రోజులు ఫ్రిజ్ తలుపు తియ్యలేదు.

మామూలు రోజుల్లో బీరువాని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా, నేలకి జానెడు ఎత్తులో పెట్టండి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే గండం. బాగా ఎండిన వేపాకు గుడ్డసంచిలో వేసి పెడతాను. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ వాసన పీల్చడం మనకే మంచిది కాదు. తుప్పు పట్టిన పిన్నుల్ని సన్నని బ్లేడుతో కాళ్ళు లేపి తీసి, నూలుదారంతో పాత రంధ్రాల్లోనే కుట్టండి. సెల్లోటేపు మాత్రం వెయ్యొద్దు. దాని జిగురు కాగితంలోకి ఇంకి, గోధుమరంగు మరక చేస్తుంది, ఆ మరక ఎప్పటికీ పోదు.

అమ్మేటప్పుడు అట్ట, వెన్ను, ముద్రణ వివరాల పేజీ, అన్నిటికన్నా పాడైన పేజీ, ఈ నాలుగూ ఫొటో తీసి పంపుతాను. చివరిది చూపించకపోతే పార్శిల్ తిరిగొస్తుంది, పోస్టు డబ్బులు మన నెత్తిన పడతాయి. పాత ప్రతి అమ్ముకోవచ్చు కానీ, జిరాక్స్ తీసి అమ్మడం నేరం. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. లైబ్రరీ ముద్రలు, పెన్సిల్ రాతలు చెరపకండి, ఉన్నాయని మాత్రం చెప్పండి.

ఒకసారి నేను చెప్పడం మరిచాను. మదనపల్లె ఆయన ఆరొందలిచ్చి ఒక కట్ట తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఫోను.

“ఏం సామీ, పన్నెండో పేజీలో ఎవడో పెన్సిల్‌తో రాసిపెట్టినాడు, దయ్యమూ లేదు గియ్యమూ లేదు, అంతా వంటమనిషి పనే అని. ఇంక నేను చదివేదేముంది?”

యాభై రూపాయలు వెనక్కి పంపాను.