సీసపు గుండ్లు: గరిటెతో పోయాలా, అడుగు కుళాయితోనా?

వలకీ గాలానికీ గుండ్లు ఇంటి దగ్గర పోసుకునేవాళ్లకి ఒక మాట. గుండు 100 గ్రాములు దాటితే గరిటే మేలు. సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, పైనుంచి వేడి సీసం అందకపోతే లోపల బోలు మిగులుతుంది. అచ్చు నిండాక కూడా గరిటె మూతిని రంధ్రానికి రెండు మూడు సెకన్లు ఆనించే ఉంచండి, ఆ లోటు పూడుతుంది. పైన చిన్న దిబ్బలా మిగిలిన సీసాన్ని తర్వాత కత్తిరించి మళ్లీ కుండలో వేసుకోవచ్చు.

చిన్న గుండ్లు వందల్లో కావాలంటే అడుగున కుళాయి ఉన్న కుండ హాయి. తెట్టు పైనే తేలుతుంది, శుభ్రమైన సీసం కిందనుంచి వస్తుంది. కాకపోతే కుళాయిలో నలుసు ఇరుక్కుంటే చుక్కలు కారుతూనే ఉంటాయి, కింద ఇనప రేకు పెట్టుకోండి.

సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, 370–400 మధ్య పోయండి. గుండు మీద ముడతలు పడితే అచ్చు ఇంకా చల్లగా ఉందన్నమాట. మొదటి నాలుగైదు గుండ్లు తిరిగి కుండలోకే.

గరిటె, అచ్చు, పాత సీసం ముక్కలు పూర్తిగా ఆరాలి. కరిగిన సీసం కింద ఒక్క నీటి చుక్క చిక్కినా ఆవిరై సీసాన్ని ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. గరిటెను మంట మీద కాచాకే ముంచండి. పాత బ్యాటరీ పలకల జోలికి అసలు పోవద్దు, విషవాయువులు వస్తాయి. పని ఆరుబయటే, పిల్లలకి దూరంగా. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు.