నినాదాలు పక్కన పెట్టండి: హైస్కూలులో మతం, పౌరసత్వం, వివక్ష పాఠాలు చెప్పే తీరు

తిరుపతి చుట్టుపక్కల హైస్కూళ్లలో కొత్తగా చేరే సోషల్ టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "క్లాసులో మతం గురించి మాట్లాడితే గొడవ రాదా మేడం?" మాట్లాడకపోతే రాదని ఎవరు చెప్పారు? పిల్లలు ఇంట్లోనూ బస్సులోనూ ఫోనులోనూ వింటూనే ఉన్నారు. మనం చెప్పని పాఠం వాట్సాప్ చెబుతోంది.

ముందు చట్టం గీసిన గీత తెలుసుకోండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మతాల గురించి తెలియజెప్పడం వేరు. 2002లో బడి పాఠ్యప్రణాళిక మీద నడిచిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే స్పష్టం చేసింది. కాబట్టి ఎవరు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో చెప్పవచ్చు, నమ్మమని చెప్పకూడదు. "అన్ని మతాలూ ఒకటే" అని బోర్డు మీద రాసి చేతులు దులుపుకునే వాళ్లంటే నాకు చిరాకు. ఒకటి కావని ఎనిమిదో తరగతి పిల్లకు కూడా తెలుసు. క్రిస్మస్‌కు కోసే కేకు గుడ్ ఫ్రైడేకి ఎందుకు కోయరో, రంజాన్‌కు బక్రీదుకు తేడా ఏమిటో అడగండి. తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

మన ఊరి పిల్లలకు మతం పాఠం తిరుమలతో కాకుండా గంగమ్మ జాతరతో మొదలుపెట్టండి. కొండ మాట ఎత్తితే చేతులు కట్టుకుని కూర్చుంటారు, గంగమ్మ అనగానే నోళ్లు విప్పుతారు. గంగమ్మ శ్రీవారి చెల్లెలని, అందుకే కొండ మీది నుంచి సారె వస్తుందని ఎవరో ఒకరు చెప్పి తీరుతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... జాతరలో వేసే వేషాలన్నీ బోర్డు మీద రాయించండి. ఇంట్లో ఎవరు ఏ వేషం వేశారో చెప్పుకోనివ్వండి. నవ్వులు తగ్గాక తోటి వేషం దగ్గర ఆగండి, తోటి అంటే ఊరి చాకిరీ చేసే పనివాడు. ఊళ్లో తోటి ఏ పని చేసేవాడు? ఇప్పుడు మన వీధి కాలువ ఎవరు తీస్తున్నారు? ఆ మనిషి మంచినీళ్లు అడిగితే ఏ గ్లాసులో ఇస్తాం? ఈ చివరి ప్రశ్న తర్వాత కాసేపు మీరు నోరు మెదపకండి. ఆ తర్వాతే అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం. ఒక్క జాగ్రత్త: అడుగుతున్నంతసేపూ ఏ పిల్లవాడి వైపూ ప్రత్యేకంగా చూడకండి. పారిశుధ్య కార్మికుల పిల్లలు ఆ గదిలోనే ఉంటారు. కులం పేరు చెప్పి చేతులెత్తించే పని ససేమిరా వద్దు.

జాతి వివక్ష అనగానే దక్షిణాఫ్రికాకు వెళ్లిపోవడం మనకు అలవాటు. పిల్లలు అయ్యో పాపం అంటారు, పరీక్షలో బాగా రాస్తారు, వాళ్లకేమీ తగలదు. నేను 1871 నాటి నేరస్థ జాతుల చట్టంతో మొదలుపెడతాను. కొన్ని జాతుల్లో పుట్టినవాళ్లందరూ పుట్టుకతోనే నేరస్థులని ఆంగ్లేయుల ప్రభుత్వం రాసిపెట్టుకుంది. 1911 చట్టంతో అది మన ప్రాంతం అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు దాటాలంటే చీటీ. దేశమంతటా అది రద్దు కావడానికి 1952 దాకా పట్టింది.

ఇది చెప్పే ముందు చీటీల ఆట ఆడించండి. హాజరు పట్టీలో సరిసంఖ్య వచ్చినవాళ్లు నీళ్లకు వెళ్లాలన్నా, సీటు మారాలన్నా మీ సంతకంతో చీటీ తీసుకోవాలి, పుస్తకంలో వేలిముద్ర వేయాలి. బేసి సంఖ్యవాళ్లకు ఏ నియమమూ లేదు. పావుగంటకే "మేమేం చేశాం టీచర్?" అని మొదలవుతుంది. ఆ మాట బోర్డు మీద రాసి ఆట ఆపేయండి. మరుసటి పిరియడ్‌కు పొడిగించవద్దు, ఉక్రోషం మిగిలిపోతుంది. పేర్లను బట్టి, పేటలను బట్టి అసలే విడదీయవద్దు.

మా తొమ్మిదో తరగతిలో ఒకసారి పరీక్ష ఫీజు డబ్బు కనిపించకుండా పోయింది. చూపులన్నీ చివరి బెంచీలో ఒకే పిల్లవాడి మీదకు వెళ్లాయి. డబ్బు సాయంత్రానికి పోగొట్టుకున్న అమ్మాయి లెక్కల పుస్తకం అట్టలోనే దొరికింది. మరునాడు అందరికీ తెల్లకాగితాలిచ్చి, నిన్న ఎవరిని అనుమానించారో పేరు లేకుండా, ఎందుకు అనుమానించారో మాత్రమే రాయమన్నాను. "వాళ్లు అంతే కదా టీచర్" అన్న రకమే ఎక్కువ. ఆ వాక్యం పక్కన నేరస్థ జాతుల చట్టం సారాంశం రాసి, రెండింటికీ తేడా చెప్పమన్నాను. ఆ రోజు నేను వేరే పాఠం చెప్పలేదు.

యూనివర్సిటీకి వచ్చే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులను "చైనావాళ్లు" అనే వెక్కిరింతకు నీడో తానియా ఉదంతం చెప్పండి. అరుణాచల్‌కు చెందిన ఆ కుర్రవాడు 2014లో ఢిల్లీలో తన రూపం మీద చేసిన ఎగతాళికి ఎదురు తిరిగి, దెబ్బలు తిని చనిపోయాడు. తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలను "అరవం" అని ఏడిపించడం కూడా అప్పుడే ఎత్తండి, మన సరిహద్దు మండలాల్లో దానికి కొదవ లేదు.

పౌరసత్వానికి నాకు ఎప్పుడూ ఉపయోగపడేది జాతీయగీతం. 1919లో ఠాగూర్ మదనపల్లె కాలేజీలో ఉన్నప్పుడే దాన్ని ఆంగ్లంలోకి అనువదించారని చెబితే పిల్లల ముఖాలు వెలుగుతాయి. వెంటనే కేరళ కేసు పెట్టండి. 1985లో ముగ్గురు పిల్లలు గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి తీసేశారు. తీర్పు చెప్పకుండా క్లాసును ఓటు వేయమనండి. తీసేయడమే సరి అని ఎక్కువమంది అంటారు, ఖంగారు పడకండి. కారణాలు చెప్పించి, అప్పుడు 1986 తీర్పు చదవండి. పాడి తీరాలనే చట్టం లేదని, లేచి నిలబడడంలోనే గౌరవం ఉందని, పిల్లలను తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. తర్వాత మళ్లీ ఓటు పెట్టండి. మారినవాళ్లు ఎందుకు మారారో, మారనివాళ్లు ఎందుకు మారలేదో రెండు వాక్యాలు రాయాలి.

మార్కులు కారణానికే. తీర్పు తప్పు అని గట్టిగా వాదించిన పిల్లకు పూర్తి మార్కులు వేస్తాను, "కోర్టు చెప్పింది కాబట్టి సరి" అన్న సమాధానానికి సగం. తల్లిదండ్రులు అడగడానికి వస్తే ఈ కాగితాలే వాళ్ల ముందు పెట్టండి. అందుకని ఏడాది చివరి దాకా వాటిని బీరువాలో దాచి ఉంచండి.