కర్నూల్లో ఉంటూనే ప్రొఫెషనల్‌గా పేరు తెచ్చుకోవడం ఎట్లా

పర్సనల్ బ్రాండ్ అనంగానే మన పక్క చాలామంది అదేదో హైదరాబాద్, బెంగళూరు వాళ్ల యవ్వారం అనుకుంటారు, కానీ మన ఊర్లల్లో అది ఎప్పట్నుంచో ఉండేదే. బోరు మోటార్ కాలిపోతే ఊరంతా ఒకే మనిషి పేరు చెప్తారు, పెళ్లి వంటకు అంటే ఇంకొకరి పేరు చెప్తారు, వాళ్లకు బోర్డు ఉండదు, విజిటింగ్ కార్డు ఉండదు. ఫలానా పని అనంగానే ఫలానా మనిషి గుర్తుకు రావాల, బ్రాండ్ అంటే అదే. కడపలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు సీపీ బ్రౌన్ పేరు మీద లైబ్రరీ రావాలని ఏండ్లతరబడి పట్టుబట్టి తిరిగినారు, వేమన పద్యాలు 1829లోనే అచ్చేసిన దొర మన కడపలో ఉండి పని చేసినాడు, ఆ జాగా ఊరికే పోకూడదని ఆయన తపన. చివరికి జనం ఆయన్నే బ్రౌన్ శాస్త్రి అని పిలిచినారు. మనిషి పేరులోకే పని వచ్చి చేరింది చూడండి, దానికోసం ఆయనేం పబ్లిసిటీ చేసుకోలే.

నేను సోలార్ ప్లాంట్ల మెయింటెనెన్స్‌లో ఉండేవాన్ని. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు వచ్చినాక మన జిల్లా పిల్లోళ్లు చానామంది ఈ లైన్లోకి వచ్చినారు, నేనూ అట్లనే. నాలుగేండ్లు పని చేసినాక ఒక ఫోన్ ఇంటర్వ్యూలో "మీరు ముఖ్యంగా ఏం చేస్తారు" అని అడిగితే "సైట్లో అన్ని పనులూ చేస్తా సార్" అన్నా. అది నిజమే, గొప్పగా చెప్పినాననే అనుకున్నా, కానీ ఫోన్ పెట్టేసినాక మళ్లీ కాల్ రాలే. తర్వాత తెలిసింది, అన్నీ చేసేవాడు అంటే అవతల మనిషికి ఏదీ గుర్తుండదు అని. ఆరోజు పడిన బాధ మీరు పడకూడదనే ఇదంతా రాస్తాండా.

ఫస్ట్ చేయాల్సింది ప్రొఫైల్ కాదు, ఏ పనికి మీ పేరు గుర్తుకొస్తాదో ఆ ఒక్క మాట వెతుక్కోవడం. మీతో కలిసి పని చేసిన ఐదుగురికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, "నన్ను ఎవరికైనా చెప్పాలంటే ఏం పనికి చెప్తావన్నా?" అని అంతే అడగండి. నేను అడిగితే ముగ్గురు ఒకే మాట చెప్పినారు, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును లైన్‌కు పనికొచ్చేట్టు మార్చే మెషీన్) ట్రిప్ అయితే నీకు ఫోన్ చేస్తాం కదబ్బా అని. నేను మాత్రం అప్పటిదాకా అదొక స్కిల్ అని కూడా అనుకోలే. మీరు జీఎస్టీ రిటర్న్‌లు చేసేవాళ్లు కావచ్చు, టెన్త్ పిల్లోళ్లకు మ్యాథ్స్ చెప్పే టీచర్ కావచ్చు, కియా కార్ల ఫ్యాక్టరీలోనో దాని చుట్టుపక్కల కంపెనీల్లోనో క్వాలిటీ చూసేవాళ్లు కావచ్చు, అడిగితే ఏదో ఒక పని మీద మీ పేరు పడిండేది బయటికొస్తాది. ఐదుగురూ ఐదు మాటలు చెప్పినారంటే ఇంకా పేరు పడలేదని అర్థం, అప్పుడు మీకు ఇష్టమైనది ఒకటి పట్టుకొని ఒక సంవత్సరం దాని మీదే గట్టిగా పని చేయండి.

ఇంగ పేరు సంగతి, దీన్ని చానామంది పట్టించుకోరు. మన దగ్గర శ్రీనివాసులు, నాగరాజు, మహబూబ్ బాషా, వెంకటేశ్వర్లు ఎంతమంది ఉండారు చెప్పండి. ఉద్యోగాలోళ్లు వాడే లింక్డిన్ సైట్లో ఒట్టి కె. శ్రీనివాసులు అని పెడితే మిమ్మల్ని వెతికేవాళ్లు యాడ పట్టుకుంటారు? ఇంటిపేరు పూర్తిగా రాయండి, స్పెల్లింగ్ టెన్త్ మెమోలో, పాన్ కార్డులో, పీఎఫ్‌లో, లింక్డిన్‌లో, మెయిల్ ఐడీలో ఒకటే ఉండేట్టు చూసుకోండి. పెండ్లి అయినాక ఇంటిపేరు మారే ఆడపిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాల, అప్పటిదాకా తెచ్చుకున్న పేరు మధ్యలో తెగిపోకూడదు, ప్రొఫైల్లో పాత పేరే కొనసాగించినా తప్పేం లేదని నా అభిప్రాయం.

తర్వాత లింక్డిన్ హెడ్‌లైన్. దాంట్లో 220 క్యారెక్టర్లు పడతాయి, అయినా "సీకింగ్ ఆపర్చునిటీస్" అని పెట్టి వదిలేస్తారు మనవాళ్లు, అది చదివినాయనకు మీరు ఏం చేయగలరో తెలీదు. నేను "సోలార్ ఇన్వర్టర్ ఫాల్ట్స్, ప్లాంట్ మెయింటెనెన్స్, కర్నూలు" అని పెట్టుకున్నా. అబౌట్ సెక్షన్లో 2600 క్యారెక్టర్లు ఇస్తాడు కానీ పైన రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటాది, కాబట్టి డిగ్రీ, పర్సెంటేజీ అంతా కిందికి పెట్టి మీరు సరిచేసిన ఒక సమస్యతో మొదలుపెట్టండి. ఉద్యోగం వెతుకుతుంటే ఓపెన్ టు వర్క్ అనేది రిక్రూటర్లకు మాత్రమే కనిపించేట్టు పెట్టుకోవచ్చు, అయినా ఇప్పుడు చేస్తున్న కంపెనీకి కచ్చితంగా తెలీదని లింక్డిన్ కూడా గ్యారంటీ ఇవ్వదు, చూసుకొని చేయండి. ఫోటో గురించి ఎక్కువ ఆలోచించొద్దు, పొద్దున పూట ఆరుబయట ఫోన్‌తో తీసినా చాలు.

అసలు పని పోస్టులు రాయడంలో ఉండాది. ఏం రాయాల అని అడుగుతారు అందరూ. ఆ వారం మీ చేతుల మీదుగా పోయిన ఒక సమస్య రాయండి: ఏం కనిపించింది, మొదట ఏమనుకున్నారు, చివరికి కారణం ఏంది, ఏం చేసినారు. నేను రాసిన వాటిల్లో ఎక్కువమంది చదివింది ఎండాకాలం పోస్టు. ఏప్రిల్, మే నెలల్లో మన కాడ ఎండ మండిపోతాది కదా, కరెంటు కూడా ఎక్కువ వస్తాదనుకుంటారు జనం, కానీ ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటినాక ఒక్కో డిగ్రీకి పవర్ సుమారు 0.4 శాతం తగ్గుతా పోతాది. దానికి తోడు ఒకసారి మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ తనంతట తానే లోడ్ తగ్గించేసుకుంటాంటే రెండు రోజులు వైరింగ్ అంతా వెతికినాం, తీరా చూస్తే ఫ్యాన్ ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోయి లోపల గాలి ఆడక వేడెక్కుతాంది. శుభ్రం చేసి పెడితే సరిపోయింది. ఇంతే రాసినా, అది చదివి కర్ణాటకలోని పావగడ సోలార్ సైట్ నుంచి ఒకాయన మెసేజ్ పెట్టి తన ఇన్వర్టర్ గురించి అరగంట మాట్లాడినాడు. ఆయన ద్వారానే తర్వాత నాకు ఇంకో పని వచ్చింది.

ఇంగ్లీష్ రాదని ఆగిపోకండి, మొదట తెలుగులో రాసుకోండి, మనకు తెలిసిన పని మన మాటల్లో చెప్తే స్పష్టంగా వస్తాది, తర్వాత చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లీష్ చేసుకోవచ్చు. మీ కస్టమర్లు మన జిల్లా వాళ్లే అయితే అసలు తెలుగులోనే ఉంచేయండి, ట్యూషన్ చెప్పేవాళ్లకు, ట్యాక్స్ పని చేసేవాళ్లకు లింక్డిన్ కంటే వాట్సాప్ స్టేటస్సే ఎక్కువ పని చేస్తాది. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, కంపెనీ స్క్రీన్లు, డ్రాయింగులు, క్లయింట్ పేర్లు యాడా పెట్టొద్దు. సమస్యను చెప్పండి, ప్లాంటును చెప్పొద్దు.

ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ దారి పోవద్దు. యూఏఎన్‌లో, అంటే మీ పీఎఫ్ నంబర్ మీద, ఏ కంపెనీలో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా పని చేసినారో సర్వీస్ హిస్టరీ కనిపిస్తాది, వెరిఫికేషన్ చేసేవాళ్లు అది అడుగుతారు. ఒక్కసారి దొరికితే అన్నేండ్ల నిజమైన పని కూడా ఎవరూ నమ్మరు.

లాస్ట్‌కి రికమండేషన్లు. "అన్నా ఒక రికమండేషన్ రాయవా" అని అడిగితే ఎవరూ రాయరు, వాళ్లకు ఏం రాయాల్నో తోచదు. "అన్నా, ఆ ఫిల్టర్ల సమస్య మనిద్దరం కలిసి పట్టుకున్నాం కదా, దాని గురించి నాలుగు లైన్లు రాస్తావా" అని పని పేరు చెప్పి అడగండి, మీరు ముందు వాళ్లకు రాసి పెట్టినాక అడిగితే ఇంకా మంచిది. నాకు మొదటిది రాసింది నా మీద సూపర్‌వైజర్, ఆయన ఇంగ్లీష్‌లో తప్పులున్నాయి, దాన్ని నేను మార్చమని అడగలే, ఎందుకంటే దాంట్లో ఆ రోజు మేం చేసిన పని ఉన్నది ఉన్నట్టు ఉండాది.