థ్యాంక్స్‌గివింగ్ టర్కీకి దగ్గరిదారులు: ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండుగ. పన్నెండు నుంచి పదహారు పౌండ్ల టర్కీని కోయకుండా ఓవెన్‌లో కాల్చి బల్ల మధ్యలో పెట్టడం ఆనాటి ఆనవాయితీ. పిల్లలు బడిలో విని వచ్చి అడగడం వల్లనో, పొరుగువారిని భోజనానికి పిలవడం వల్లనో ఇక్కడి తెలుగు ఇళ్లలోకి కూడా ఏదో ఒక ఏడాది ఆ పక్షి వచ్చి తీరుతుంది. ఏడాదికొకసారి వండేది కనుక చేయి తిరగదు, చేయి తిరగదు కనుక దగ్గరిదారి వెతుక్కుంటాము. టర్కీలు అమ్మే బటర్‌బాల్ సంస్థ 1981 నుంచి పండుగ రోజుల్లో ఫోన్‌లో వంట సందేహాలు తీరుస్తూ వస్తోందంటే, తడబడేది మనమొక్కరమే కాదని అర్థమవుతుంది.

ప్రచారంలో ఉన్న దగ్గరిదారుల్లో చాలా భాగం ఓవెన్‌లో గడిచే సమయాన్ని తగ్గించడానికి పుట్టినవే. టర్కీ పనిలో అసలు ఆలస్యం ఓవెన్ బయట, అంటే మంచు కరగడంలోను, ఉప్పు పట్టడంలోను ఉంటుంది. కింద చెప్పే సమస్యల్లో సగానికి మూలం అక్కడే కనిపిస్తుంది.

గురువారం ఉదయానికి కూడా మధ్యలో గడ్డకట్టే ఉంది

పైన తోలు మెత్తబడి, కాలు పట్టుకుంటే కదులుతూ ఉంటుంది కనుక కరిగిపోయిందనే అనుకుంటాము. కడుపులోకి చేయి పెట్టి చూస్తే వెన్నెముక పక్కన మంచు పలుకులు వేళ్లకు గుచ్చుకుంటాయి. లోపల దాచిన మెడ ముక్క ఎంత లాగినా ఊడిరాదు. మంగళవారం రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టిన ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే. ఫ్రిజ్ లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 4 డిగ్రీల సెల్సియస్, అంతకు మించకూడదు. ఆ చలిలో ప్రతి నాలుగైదు పౌండ్లు కరగడానికి ఒక పూర్తి రోజు పడుతుంది కనుక, 14 పౌండ్ల పక్షికి మూడు నుంచి నాలుగు రోజులు కావాలి. ఆదివారం తీసి ఫ్రిజ్‌లో పెట్టినవారికి మాత్రమే గురువారం నిశ్చింతగా గడుస్తుంది.

అప్పటికే గురువారం వచ్చేసి ఉంటే రెండు దారులున్నాయి. మొదటిది చన్నీళ్లు. పక్షిని నీరు చొరబడని సంచిలో కట్టి, సింకులోనో పెద్ద కూలర్‌లోనో పూర్తిగా మునిగేలా ఉంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చాలి. పౌండుకు అరగంట లెక్కన గట్టిగా గడ్డకట్టిన 14 పౌండ్లకు ఏడు గంటలు పడుతుంది. రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉండి మధ్యలో మాత్రమే మంచు మిగిలినదానికి చాలాసార్లు రెండు మూడు గంటలు సరిపోతాయి. ఇలా కరిగించినదాన్ని వెంటనే వండాలి, తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ఉంచకూడదు.

రెండోదాన్ని చాలామంది నమ్మరు గాని అది పూర్తిగా సురక్షితమైనది: గడ్డకట్టిన పక్షిని ఉన్నదున్నట్లు 325 డిగ్రీల (ఇక్కడి నుంచి అన్నీ ఫారెన్‌హీట్‌లోనే) ఓవెన్‌లో పెట్టడం. కరిగిన 12-14 పౌండ్ల పక్షికి ఆ వేడిలో మూడు నుంచి మూడుముప్పావు గంటలు పడితే, గడ్డకట్టినదానికి దానికి సగం సమయం అదనంగా, అంటే నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు, లెక్క వేసుకోవాలి. కడుపులో ఏ స్టఫింగూ, అంటే రొట్టె ముక్కలు, కూరగాయలు కలిపిన మిశ్రమం, కూరకూడదు. రెండు మూడు గంటలయ్యాక లోపలి భాగం వదులవుతుంది. అప్పుడు పటకారుతో మెడను, కందనకాయ, గుండెకాయ, కార్జం ఉన్న పొట్లాన్ని బయటకు లాగేయాలి. ఆ పొట్లం కాగితంతో చేసినదైతే మరచిపోయినా భయం లేదు. ప్లాస్టిక్ సంచి అయి, వేడికి కరిగిందో, ఆకారం మారిందో, ఆ పక్షిని పారవేయవలసిందే.

వేడినీళ్లలో ముంచడం, రాత్రంతా వంటగట్టు మీద వదిలేయడం మాత్రం చేయకూడదు. లోపల ఇంకా మంచు ఉండగానే పైభాగం 40 నుంచి 140 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉండిపోతుంది. బ్యాక్టీరియా వేగంగా పెరిగేది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఓవెన్ బ్యాగ్‌లో వండితే తోలు పాలిపోయింది, గ్రేవీ నీళ్లలా ఉంది

ఓవెన్ బ్యాగ్ అంటే ఓవెన్ వేడిని తట్టుకునే వంట సంచి. నా మొదటి టర్కీ ఇలాగే అయింది. రెండు గంటలు ఇల్లంతా కమ్మని వాసన నిండింది. సంచి కత్తిరించి చూస్తే మాంసం మెత్తగా, నోరూరేలా ఉంది గాని, తోలు మాత్రం తడిసిన కాగితంలా తెల్లగా ముడతలు పడి ఉంది. అతిథుల ముందు నిండు పక్షిని పెట్టలేక వంటింట్లోనే ముక్కలు కోసి పళ్లెంలో పేర్చాను. రుచికి ఎవరూ వంక పెట్టలేదు.

సంచిలో జరిగేది కాల్చడం కాదు, ఆవిరి మీద ఉడకడం. తోలు తడిగా ఉన్నంతసేపు దాని వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. గోధుమరంగు రావాలంటే తోలు ఆరి, వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరాలి. కనుక సంచిలోకి పోయేముందు కాగితపు తువ్వాలుతో పక్షిని గట్టిగా అద్ది ఆరబెట్టి, వెన్న రాయండి. చివరి అరగంటలో సంచి పైభాగాన్ని కత్తెరతో తెరచి, అంచులు వెనక్కు మడవండి. తెరిచే క్షణంలో ముఖం దూరంగా ఉంచుకోండి, ఆవిరి ఒక్కసారిగా పైకి కొడుతుంది.

సంచి పగిలిందంటే సాధారణంగా పిండి వేయడం మరచి ఉంటారు. ఖాళీ సంచిలో ఒక టేబుల్ స్పూన్ మైదా వేసి ఊపి, పైన ఐదారు చిన్న గాట్లు పెట్టాలి. ఉబ్బిన సంచి ఓవెన్ గోడలకు, వేడి కడ్డీలకు తగలకుండా చోటుండాలి. కిరాణా దుకాణం కాగితపు సంచిలో కాల్చడం పాత చిట్కా. దాని జిగురు, సిరా వంటకు పనికిరావు, పైగా నిప్పంటుకునే ప్రమాదముంది.

నీళ్లలాంటి గ్రేవీని సరిచేయడం తేలిక. సంచిలోని రసాన్ని గిన్నెలోకి వంచి, పైకి తేలిన కొవ్వు తీసేసి, వెడల్పాటి పెనంలో సగమయ్యే దాకా మరిగించి, చన్నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోయాలి. ఉప్పు మాత్రం మరిగాకే రుచి చూసి వేయండి.

గుచ్చి ఉన్న ప్లాస్టిక్ మీట పైకి లేచింది, మాంసం మాత్రం పీచులా ఎండిపోయింది

రొమ్ములో గుచ్చి అమ్మే ఆ చిన్న మీటలో ఒక స్ప్రింగును మెత్తని లోహం పట్టి ఉంచుతుంది. నిర్ణీత వేడికి లోహం కరిగి మీట లేస్తుంది. చాలావాటిలో ఆ నిర్ణీత వేడి, సురక్షితమైన 165 డిగ్రీల కన్నా బాగా ఎక్కువ. పైగా అది చెప్పేది తాను గుచ్చుకున్న ఒక్క చోటు సంగతి మాత్రమే. దాని కోసం ఎదురుచూసినవారికి రొమ్ము ఎండిపోతుంది, అరుదుగా మీట లేచినా తొడ లోపల పచ్చిగా ఉంటుంది.

పది పదిహేను డాలర్ల డిజిటల్ థర్మామీటర్ కొనడమే నా దృష్టిలో ఈ వంటకున్న అసలైన దగ్గరిదారి. రొమ్ములో మందమైన చోట, తొడ లోపలివైపు, రెక్క మొదట్లో, ఇలా మూడు చోట్ల ఎముకకు తగలకుండా గుచ్చి చూడాలి. మూడూ 165 దాటితే దించవచ్చు. కడుపులో స్టఫింగ్ కూరి ఉంటే దాని నడుమ కూడా 165 రావాలి. అది వచ్చేలోగా రొమ్ము ఎండుతుంది కనుక స్టఫింగును వేరే పళ్లెంలో వండడం మేలు.

రొమ్ము ముందు ఉడకడం, తొడ వెనకబడడం పక్షి ఆకారంలోనే ఉన్న చిక్కు. దానికి నిజంగా పనిచేసే ఉపాయం వెన్నెముక తీసేయడం. పక్షిని బోర్లించి, వెన్నెముకకు ఇరువైపులా గట్టి వంటింటి కత్తెరతో తోక నుంచి మెడ దాకా కత్తిరించి, వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద రెండు అరచేతులతో టక్కుమనేదాకా నొక్కాలి. చదునుగా పరచుకున్న పక్షిలో తొడలు రొమ్ముతో సమానంగా వేడికి ఎదురవుతాయి. 425 డిగ్రీల దగ్గర 12-14 పౌండ్లది దాదాపు గంటన్నరలో అవుతుంది, తోలు అంతటా కరకరలాడుతుంది. నిండు పక్షి బొమ్మలా నిలబడదన్న లోటు ఒక్కటే. తీసిన వెన్నెముకను మెడతో కలిపి మరిగిస్తే గ్రేవీకి కావలసిన రసం సిద్ధం.

ఎండిపోయినదాన్ని వెనక్కు తేలేము. పలుచని ముక్కలు కోసి వేడి గ్రేవీలో తడిపి వడ్డిస్తే పోతుంది. మిగిలినది మర్నాడు చేత్తో చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో వేపుడు చేస్తే, నిన్నటి తప్పు ఎవరికీ గుర్తుండదు.

కుక్కర్లలో వండితే

నిండు టర్కీ మామూలు ప్రెషర్ కుక్కర్‌లో పట్టదు; పట్టించినా, మూడింట రెండు వంతుల హద్దు దాటి నింపకూడదు. ఆరు క్వార్టుల కుక్కర్‌కు తగినది ఎముకతో ఉన్న చిన్న రొమ్ము భాగమో, కీళ్ల దగ్గర కోసిన తొడలో. ఆవిరి ఒక్కసారిగా వదిలితే మాంసంలోని రసం బయటకు వచ్చి పీచు గట్టిపడుతుంది కనుక, పీడనం తనంతట తాను తగ్గేదాకా ఆగాలి. పాలిపోయిన తోలును ఓవెన్ పై మంట కింద నాలుగైదు నిమిషాలు పెడితే రంగు వస్తుంది. గంటల తరబడి చిన్న మంట మీద ఉడికించే స్లో కుక్కర్‌లో నిండు పక్షిని, గడ్డకట్టిన ముక్కలను అసలు పెట్టకండి. అవి వేడెక్కేలోగా ప్రమాదకరమైన ఉష్ణోగ్రతలో చాలాసేపు ఉండిపోతాయి.

నోట పెట్టలేనంత ఉప్పు, పైన మాడిన మసాలా

గడ్డకట్టించి అమ్మే టర్కీలలో చాలావాటికి ముందే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు. ఆ సంగతి అట్ట మీద చిన్న అక్షరాల్లో శాతంతో సహా రాసి ఉంటుంది. కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం సిద్ధం చేసినది) అని రాసి ఉన్నవాటికి కూడా ఉప్పు పట్టించే అమ్ముతారు. అది చదవకుండా మళ్లీ రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడితే ఫలితం ఊహించవచ్చు. అలాంటివాటికి ఉప్పు లేని మసాలా మాత్రమే రాయాలి. వండాక తెలిస్తే, కారిన రసంతో గ్రేవీ చేయకుండా ఉప్పు లేని వేరే రసంతో చేసి, ఆలుగడ్డ ముద్దలో కూడా ఉప్పు మానేయండి.

మనవాళ్లు చేసే పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి ముద్దను తోలు మీద దట్టంగా పూస్తే, లోపల ఉడికేలోగా పైన నల్లబడి చేదెక్కుతుంది. కోడి ముక్కకు పట్టే సమయం వేరు, ఈ పక్షికి పట్టే సమయం వేరు. వేళ్లు దూర్చి తోలును రొమ్ము నుంచి మెల్లగా విడదీసి, ముద్దను తోలు కింద పట్టించి, పైన వెన్న మాత్రమే రాయండి. రంగు ముదురుతున్నట్లు కనిపిస్తే ఫాయిల్ వదులుగా కప్పండి.

పసుపు, ఉప్పు వేసి మాంసం కడిగే అలవాటు కూడా ఇక్కడే ప్రస్తావించాలి. అంత పెద్ద పక్షిని కొళాయి కింద కడిగితే సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా నీటి తుంపరలతో సింకంతా, పక్కనున్న సలాడ్ మీదా పడుతుంది. చంపేది ఓవెన్ వేడే గాని కడగడం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ కడగవద్దనే చెబుతుంది. మనసొప్పక కడిగినవారు, సింకును ముందు సబ్బుతో, తరువాత బ్లీచ్ కలిపిన నీళ్లతో శుభ్రం చేశాకే కూరగాయలు ముట్టుకోండి.

వండినదే కొని తెచ్చినా చల్లగా, పొడిగా ఉంది

దుకాణంలో ముందే చెప్పి తెచ్చుకునే భోజనంలో టర్కీ ఉడికే ఉంటుంది గాని ఫ్రిజ్ చలిలో ఇస్తారు. అరగంటలో వేడవుతుందనుకోవడమే పొరపాటు. నిండు పక్షి అయితే 325 డిగ్రీల వద్ద రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అడుగున ఒక కప్పు రసం పోసి, ఫాయిల్ బిగించి, నడుమ 165 వచ్చేదాకా ఉంచాలి. తొందరగా కావాలంటే ముందే ముక్కలు కోసి వేడి చేయడం మేలు. పెట్టె మీద ‘పూర్తిగా ఉడికినది’ అని ఉందో, ‘ఓవెన్‌కు సిద్ధం’ అని ఉందో తప్పక చదవండి, రెండోది పచ్చి మాంసం.

మాంసం గులాబీ రంగులో ఉంది

మూడు చోట్లా 165 వచ్చి ఉంటే తినవచ్చు. వయసు తక్కువ పక్షుల్లోనూ, గ్యాస్ పొగ తగిలినవాటిలోనూ ఆ రంగు మిగిలిపోతుంది.

నూనెలో వేయిస్తే పొంగి మంటలు లేచాయి

పౌండుకు మూడున్నర నిమిషాలలో అయిపోతుందన్న మాట నిజమే. నూనె 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడిగానో, మంచుతోనో ఉన్న పక్షిని దించితే ఆ నీరు క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాపించి, నూనెను కుండ బయటకు, పొయ్యి మీదకు నెడుతుంది. ముందుగా ఖాళీ కుండలో పక్షిని ఉంచి మునిగేదాకా నీళ్లు పోసి, పక్షిని తీశాక నీటి మట్టానికి గీత గీసుకుంటే, నూనె ఎంత పోయాలో తెలుస్తుంది. పక్షి పూర్తిగా కరిగి, కడుపు లోపల కూడా ఆరి ఉండాలి. పొయ్యిని ఇంటికి, చెక్క వరండాకు, కారు షెడ్డుకు దూరంగా ఆరుబయట చదును నేల మీద పెట్టాలి. పక్షిని నూనెలోకి దించేముందు మంట ఆర్పాలి. మంట లేస్తే నీళ్లు పోయకండి, గ్యాస్ కట్టేసి, నూనె మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్ వాడండి. అదుపు కాకపోతే దూరం జరిగి 911కు ఫోన్ చేయండి. మొదటిసారి వండేవారికి ఈ దారి నేను చెప్పను.

పండుగ మర్నాడు కడుపు నొప్పి

వంట బాగానే ఉండి ఉండవచ్చు. భోజనమయ్యాక సినిమా చూస్తూ పక్షిని బల్ల మీదే వదిలేసి ఉంటారు. దించిన రెండు గంటల లోపు మాంసమంతా ఎముకల నుంచి తీసి, లోతు లేని డబ్బాలలో పలుచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. నిండు పక్షిని అలాగే లోపలికి తోస్తే నడుమ చల్లబడడానికి రాత్రంతా పడుతుంది. మూడు నాలుగు రోజుల్లో తినలేనిది ఫ్రీజర్‌లోకి పోవాలి, బయటకు తీసినప్పుడు మళ్లీ 165 డిగ్రీల దాకా వేడి చేయాలి.