తెరచాప బోటు ఎక్కేవాళ్ళకి ప్యాంటు ఎలా ఎంచుకోవాలి, మన బెజవాడ కొట్లలో దొరికేవాటితోనే

సెయిలింగ్ నేర్చుకోడానికి హుస్సేన్ సాగర్‌కో, చెన్నై రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ వైపో బయల్దేరే మనవాళ్ళు లైఫ్ జాకెట్ గురించి అడుగుతారు, కూలింగ్ గ్లాసెస్ గురించి అడుగుతారు, సన్‌స్క్రీన్ ఏ కంపెనీది కొనాలని కూడా అడుగుతారు గానీ ప్యాంటు సంగతి మాత్రం ఒక్కరూ అడగరు, ఉన్న జీన్స్ వేసుకుని వెళ్ళిపోతారు. చిన్న బోటులో కూర్చునేది పిర్రల మీద, కదిలేది మోకాళ్ళ మీద, తడిసేది నడుము కింద అంతా. పైన ఏ టీషర్టు వేసుకున్నా గడిచిపోతుంది గానీ కింద తప్పు గుడ్డ వేసుకుంటే మాత్రం గంటకే ఎప్పుడు ఒడ్డుకి పోతామా అనిపిస్తుంది.

ముందు వద్దనేవి చెప్పేస్తా. జీన్స్ చచ్చినా వద్దు. పొడిగా ఉన్నంతసేపు బానే ఉంటుంది, తడిసిందంటే మోకాలు వంగదు, సాయంత్రం దాకా ఆరదు. బోటు బోల్తా పడ్డప్పుడు నీళ్ళలో ఉన్నంతసేపు ఆ బరువు మనకి తెలీదు, సెంటర్‌బోర్డు (బోటు అడుగున నీళ్ళలోకి దింపే పలక) మీద కాలేసి ఒంటిని పైకి లాక్కునేటప్పుడు జీన్స్ పీల్చుకున్న నీళ్ళన్నీ మనమే మోయాలి, అప్పటికే చేతులు అలిసిపోయి ఉంటాయి. కాటన్ ట్రాక్ ప్యాంటుదీ అదే కథ, పైగా అది అల్లిక గుడ్డ కాబట్టి తడిస్తే సాగి కిందకి జారుద్ది, ఒక చేత్తో తాడు ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకోవాల్సి వస్తుంది. ఆడపిల్లలకి కాటన్ లెగ్గింగ్స్ కూడా వద్దనే చెప్తా. పలాజోలు, పటియాలా ప్యాంట్లు అయితే అసలే వద్దు, ఆ వదులు గుడ్డ తాడు బిగించే ఏ క్లీట్‌కో తగులుకుందంటే బోటు తిప్పే టైంలో మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు.

మరి ఏది కొనాలి అంటే, నేత గుడ్డలో నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ, అందులో కొంచెం ఎలాస్టేన్, అంటే సాగే దారం, కలిసింది. కొట్టువాడు డ్రైఫిట్ అంటాడు, లైక్రా అంటాడు, ఆ మాటలు పట్టించుకోకుండా ప్యాంటు తిరగేసి లోపలి కుట్టు దగ్గర ఉండే చిన్న తెల్ల లేబుల్ చదవండి. అందులో కాటన్ సగానికి పైన ఉంటే పక్కన పెట్టేయండి. నైలాన్ రాపిడికి బాగా ఆగుద్ది, కానీ ఎండకి తొందరగా పాడవుద్ది, పాలియెస్టర్ ఎండకి ఆగుద్ది, నీళ్ళు ఇంకా తక్కువ పీలుస్తుంది. మన ఎండలకి నాకు పాలియెస్టరే నయం అనిపిస్తుంది, సీటు దగ్గర మాత్రం నైలాన్ కావాలి, దాని సంగతి కింద చెప్తా. దీనికోసం సెయిలింగ్ ప్యాంటు అని రాసి ఉన్నదే కొనక్కర్లేదు, ట్రెక్కింగ్‌కి అమ్మే పల్చటి క్విక్ డ్రై ప్యాంటు చాలు. డెకాథ్లాన్‌లో దొరుకుతాయి, బీసెంట్ రోడ్డులో తిరిగినా లేబుల్ చదివే ఓపిక ఉంటే దొరుకుతాయి.

విదేశీ వీడియోల్లో కనపడే భుజాలకి పట్టీలు ఉండే వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు చూసి మోజు పడొద్దు. హెల్లీ హాన్సెన్, మస్టో లాంటి కంపెనీలవాళ్ళు అవి చేసేది చలి సముద్రాల్లో తిరిగేవాళ్ళ కోసం. మన దగ్గర అది వేసుకుంటే బయట నీళ్ళు లోపలికి రావు నిజమే, లోపల చెమట కూడా బయటికి పోదు, చివరికి తడవడం ఎలాగూ తడుస్తాం. వానాకాలంలో గాలికి వణుకు వస్తుంది అనుకుంటే పైన వేసుకోడానికి పల్చటి రెయిన్ ప్యాంటు ఒకటి బ్యాగులో పెట్టుకోండి, అంతే.

షార్ట్స్ వేసుకోకూడదా అంటే వేసుకోవచ్చు, కానీ నీళ్ళ మీద ఎండ పైనుంచీ కొడుతుంది, నీళ్ళ మీంచి తిరిగొచ్చీ కొడుతుంది, తొడలు ముందు కమిలిపోతాయి. లేబుల్ మీద యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ గుడ్డలోంచి యూవీ యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుందని అర్థం. అది రాసి లేకపోతే ప్యాంటుని లైటుకి అడ్డంగా పట్టి చూడండి, అవతల మీ వేళ్ళు స్పష్టంగా కనపడితే ఎండ కూడా అలాగే వస్తుంది. హుస్సేన్ సాగర్ నీళ్ళ గురించి తెలిసినవాళ్ళు ఫుల్ ప్యాంటే వేసుకుంటారు, కారణం నేను చెప్పక్కర్లేదు. రంగు అంటారా, లేత రంగులు తడిస్తే లోపలిదంతా కనపడుతుంది, నలుపు ఎండకి కాలుద్ది, బూడిద రంగో నేవీ బ్లూనో చూసుకోండి.

ట్రయల్ రూమ్‌లో నిలబడి అద్దంలో చూసుకుంటే ఏం తెలీదు. పూర్తిగా గొంతుక్కూర్చోండి, నడుము వెనక జారి వీపు బయటపడుతుందా చూడండి. తర్వాత స్టూల్ మీద కూర్చుని పాదాలు రెండూ దేనికిందైనా ఇరికించి వెనక్కి వాలండి. లేజర్ అని ఒక్కరే నడిపే చిన్న బోటు ఉంటుంది, అలాంటి దాంట్లో గాలి ఎక్కువున్నప్పుడు పాదాలు పట్టీ కింద పెట్టి ఒళ్ళంతా బయటికి వాల్చి కూర్చుంటాం, దాన్నే హైకింగ్ అంటారు, అప్పుడు బోటు అంచు సరిగ్గా తొడల వెనక ఒత్తుద్ది. అక్కడ లావు కుట్టు ఉన్నా, వెనక జేబుకి గుండీ ఉన్నా పుండు పడడం ఖాయం. తొడల మధ్య నాలుగు కుట్లు ఒక్క చోట కలిసే ప్యాంటు కంటే అక్కడ డైమండ్ ముక్క వేసి కుట్టింది మేలు, కాలు చాచినా పిగలదు. బాటమ్ దగ్గర వెల్క్రో గానీ లాగి బిగించే బొందు గానీ ఉంటే మంచిది, బొందు కొస బయట వేలాడకుండా లోపలికి దోపేయండి. పక్క జేబులు జిప్పువి అయితే చాలు, కార్గో జేబులు నీళ్ళు నింపుకునే సంచులు తప్ప ఇంకేం కాదు. జిప్పు ప్లాస్టిక్‌దే చూడండి, చెన్నై సముద్రంలో ఇనప జిప్పు తుప్పు పట్టి బిగుసుకుపోద్ది.

ఇక సీటు. బోటు డెక్ మీద జారకుండా గరుకు పెయింట్ వేస్తారు, దాని మీద అటూ ఇటూ జరుగుతుంటే మామూలు ట్రెక్కింగ్ ప్యాంటు సీటు తొందరగా పల్చబడిపోద్ది. సెయిలింగ్ బ్రాండ్లవాళ్ళు సీటుకి మోకాళ్ళకి మందపాటి గుడ్డ అదనంగా వేసి దానికే డబ్బులు ఎక్కువ తీసుకుంటారు. అదే పని వన్‌టౌన్‌లో టైలర్ చేత చేయించుకోవచ్చు. బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర మందపాటి నైలాన్ ముక్కలు ఉంటాయి, కొంచెం మెత్తగా వంగేది తీసుకోండి, అట్టముక్కలా ఉండేది వద్దు. టైలర్‌కి మూడు మాటలు గట్టిగా చెప్పాలి, లేకపోతే తనకి అలవాటైనట్టు కుట్టేస్తాడు: సీటు మధ్య కుట్టు మీదుగా ఒకే ముక్క వేయకుండా అటొకటి ఇటొకటి విడిగా వేయమనండి, అప్పుడే గుడ్డ సాగుద్ది, మూలలు గుండ్రంగా కత్తిరించమనండి, లేకపోతే అక్కడే లేస్తాయి, దారం పాలియెస్టర్‌ది వాడమనండి, నూలు దారం తడిసి తడిసి కుళ్ళిపోద్ది. మీ ముందే చాక్‌పీసుతో గీయించుకోండి, నిలబడి కాదు, వంగి కూర్చున్నప్పుడు ఆనే చోట.

లోపల వేసుకునేది కూడా కాటన్ కాకూడదు, చాలామంది ఇది మర్చిపోయి ప్యాంటుని తిడతారు. సూర్యలంకలో మునిగి ఆ తడి ఇన్నర్స్‌తోనే గుంటూరు దాకా బండి మీద వచ్చినవాళ్ళకి తొడలు ఎలా మండుతాయో తెలుసు. సింథటిక్ స్విమ్మింగ్ ట్రంక్ లాంటిది వేసుకోండి.

ఉతకడం పెద్ద పనేం కాదు. ఉప్పునీళ్ళు తగిలితే అదే రోజు మంచినీళ్ళలో జాడించాలి, ఉప్పు ఉన్న గుడ్డ గాల్లో తేమ పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి ఎన్నాళ్ళైనా జిగటగానే ఉంటుంది. కంఫర్ట్ లాంటి సువాసన నీళ్ళు పోయొద్దు, చెమట లాగే గుణం పోద్ది. ఇస్త్రీ వద్దు, నీడన ఆరేయండి.

కొన్నాక బోటు దాకా ఆగకుండా ఇంట్లోనే ఒకసారి బక్కెట్లో ముంచి, పిండి, ఒంటి మీద వేసుకుని డాబా మీద నడవండి, మోకాలు ఎత్తి గోడ ఎక్కినట్టు ఎక్కి చూడండి. అరగంటకి సీటు తప్ప మిగతాదంతా ఆరిపోతే ప్యాంటు పనికొస్తుంది. ఇంకా నీళ్ళు కారుతుంటే బిల్లు, ట్యాగు దాచి ఉంచినా లాభం లేదు, తడిపిన ప్యాంటు ఎవడూ వెనక్కి తీసుకోడు, దాన్ని వాకింగ్‌కి వాడుకుని వేరేది చూసుకోండి.