దుప్పట్లు పంచడం కాదు: బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘం యూత్ సేవ ఎలా మొదలుపెట్టాలి?

డిసెంబరు రాగానే యూత్ అంతా చందాలు వేసుకుని దుప్పట్లు పంచి, ఫొటోలు దిగి వచ్చేయడం చాలా సంఘాల్లో ఉన్నదే. మంచి పనే. కానీ పేదరికం ఏమిటో దానివల్ల పిల్లలకు తెలియదు. తెలియాలంటే ఒకే చోటికి కొన్ని నెలలపాటు వెళ్తూ ఉండాలి.

1. చోటు చూసుకోండి. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు కడుతున్న అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లుంటాయి. కర్నూలు, అనంతపురం, పాలమూరు నుంచి వచ్చిన బేల్దారి కూలీలు అక్కడ కనిపిస్తారు. తెలుగు వినపడితేనే సగం బెరుకు పోతుంది. ముందు మేస్త్రీకి చెప్పి వెళ్లండి. ఆయనకు తెలియకుండా వెళ్తే తర్వాత మాట పడేది కూలీలే.

2. బయల్దేరే ముందు బైబిల్లో ద్వితీయోపదేశకాండము 24:14, 15 కలిసి చదవండి. సొంతవాడైనా పరదేశి అయినా కూలివాడి జీతం పొద్దుగుంకేలోగా ఇవ్వాలని అక్కడ ఉంది. షెడ్ల దగ్గర అడ్వాన్సుల గురించి, మేస్త్రీ దగ్గర ఆగిపోయిన డబ్బుల గురించి విన్నాక దాని మీద మళ్లీ మాట్లాడుకోవచ్చు.

3. మొదట్లో ఏమీ పట్టుకెళ్లకండి. ఫోన్లు జేబులోనే ఉండాలి. "నెలకెంత వస్తుంది?" అని మొదలుపెడితే సర్వే వాళ్లనుకుంటారు. అక్కా, అన్నా అని పలకరించి, ఏ ఊరు, ఈసారి వానలు పడ్డాయా, పిల్లలు ఇక్కడున్నారా, అవ్వ దగ్గరా అని అడగండి. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేయండి. సాయానికి, కూటానికి రావడానికి ముడిపెట్టడం నా దృష్టిలో సేవ కాదు.

4. అసలు పని కాగితాల దగ్గర ఉంది. ఆహార భద్రత చట్టం కింద ఊళ్లో ఇచ్చిన రేషన్ కార్డు ఉంటే, 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' కింద బెంగళూరులోనూ బియ్యం తీసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసి వెళ్లినా ఇంకో చిక్కు: ఏళ్ల తరబడి సిమెంటు కలిపిన చేతుల్లో గీతలు అరిగిపోయి, మెషీన్ వేలిముద్ర తీసుకోదు. ఒక అక్కతో పాటు మీరూ ఆ లైన్లో నిలబడండి. రేషన్ కోసం ఒక పూట పని మానుకుంటే ఆ పూట కూలి పోతుందని అక్కడే అర్థమవుతుంది.

లేబర్ కార్డు సంగతి కూడా చూడండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజులు పని చేసినట్టు రాసిచ్చేవాళ్లే దొరకరు. ఫారం నింపడం కన్నా ఆ సంతకం కోసం తిరగడమే పెద్ద పని.

5. ఒక రోజు మధ్యాహ్నం, ప్రభుత్వం తక్కువ ధరకు తిండి పెట్టే ఇందిరా క్యాంటీన్‌లో తినండి. 2017లో మొదలైనప్పుడు టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు.

6. బడి ఈడు పిల్లలుంటే దగ్గరి ప్రభుత్వ బడికి తీసుకెళ్లండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. చేరాక అసలు టెన్షన్ కన్నడతో. మీ యూత్‌లో ఇక్కడే పుట్టి పెరిగి, కన్నడ బాగా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లను వేరే పనుల్లో పెట్టకుండా, వారానికి రెండు సాయంత్రాలు ఈ పిల్లలతో అక్షరాలు దిద్దించమనండి.