పరదేశం నుంచి వచ్చిన రష్యా మహారాణుల చరిత్ర చదివే పద్ధతి

కోనసీమలోని మా ఊరి గ్రంథాలయంలో పిల్లలకు ఈ చరిత్ర చెప్పేటప్పుడు, ప్రతి మహారాణికీ పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, మతం మారిన సంవత్సరం పక్కపక్కన రాయిస్తాను. పేర్ల చిక్కు విడిపోతే కథ సగం అర్థమైనట్లే.

ముందుగా రెండవ కేథరిన్ దగ్గర తొందరపడకుండా ఆగండి. 1729లో అప్పటి ప్రష్యా (జర్మన్ రాజ్యం) పట్టణం స్టెట్టిన్‌లో సోఫీగా పుట్టిన ఆమె 1744లో రష్యా చేరి, రాత్రివేళ ఉత్తకాళ్లతో గదిలో తిరుగుతూ రష్యన్ పాఠాలు వల్లె వేసి జబ్బుపడింది. ప్రాణాపాయంలోనూ తన పుట్టింటి క్రైస్తవ శాఖకు చెందిన లూథరన్ పాస్టరును కాదని, రష్యా క్రైస్తవ శాఖ అయిన ఆర్థడాక్స్ గురువునే పిలిపించమని కోరింది. ఆ ఏడాదే ఆర్థడాక్స్ మతంలోకి మారి యెకతెరీనా (కేథరిన్ పేరుకు రష్యన్ రూపం) అయింది.

తర్వాత డెన్మార్క్ రాకుమారి డాగ్మార్‌ను చదవండి. ఆమెకు నిశ్చితార్థమైన రష్యా యువరాజు నికొలాయ్ 1865లో మరణించగా, మరుసటి ఏడాది అతని తమ్ముడు అలెగ్జాండర్‌ను (తర్వాతి మూడవ అలెగ్జాండర్ చక్రవర్తి) పెళ్లాడింది. ఆ దుఃఖాన్ని ఒక్క వాక్యంలో దాటవేయకూడదని నా అభిప్రాయం.

చివరగా, జర్మనీలోని హెస్సే నుంచి వచ్చిన అలెగ్జాండ్రా తన భర్త, చివరి రష్యా చక్రవర్తి రెండవ నికొలాయ్‌కు ఉత్తరాలు ఆంగ్లంలో రాసేదన్న విషయాన్ని కేథరిన్ రాత్రి చదువు పక్కన పెట్టి చూడండి.